ఒకటి రెండు చోట్ల ఉరుములు

"అవ్వా, ఇది విను. రేపు, ఎల్లుండి ఉత్తరాన కొండల్లో వడగండ్లు, తూర్పు పక్క ఈదురుగాలులు. మన పక్క ఎండ మామూలు కంటే ఎక్కువంట. సాయంకాలం ఒకటి రెండు చోట్ల ఉరుములతో వాన. ఫోన్లో ఫోర్‌కాస్ట్ వచ్చింది. అరే, ఎందుకవ్వా నవ్వుతున్నావ్?"

నవ్వక ఏం చేయమంటావు పాపా. ఆ మాట ఇంకా మార్చలా చూడు వాళ్ళు. ఒకటి రెండు చోట్ల! యాభై ఏండ్ల కిందట మా రేడియోలో ఇదే మాట. ఆ మాట పట్టుకొని నా ఆడబిడ్డ సరోజ, అదే, మీ నాయనకు సొంత మేనత్త, వైజాగులో ఉండాది కదా, ఆయమ్మ వాతావరణం ఆఫీసు మీదికి కొట్లాటకు పోయింది. నీకు చెప్పలేదా నేను? మీ నాయనకైనా చెప్పిన్నా? లే, వానికీ చెప్పలా. వానికి చెప్పేకి కాదులే అది. ఆ కర్టెను సొల్పం జరుపు, ఎండ కండ్లలోకి కొడతాంది. ఈ వైట్‌ఫీల్డులో, పదో అంతస్తులో, అంతా అద్దాలే. ఫాల్గుణమాసంలోనే ఇంత ఎండ యాడన్నా ఉంటాదా? ఉన్నింది, ఆ యేడూ ఇట్లే ఉన్నింది. అందుకే గుర్తొచ్చింది నాకు.

అప్పుడు మేము ఇదే బెంగళూరులో కాటన్‌పేటలో ఉన్నిన్నాము. సందులో సందు, అందులో మా ఇల్లు. మీ తాత వాళ్ళది హిందూపురం పక్క, ఊదుకడ్డీల పని. కింద ఇల్లు, పైన మిద్దె. గంధంపొడి, బొగ్గుపొడి, జిగట చెక్కపొడి కలిపి ముద్ద చేసి, చెక్క మణ మీద ఒక్కొక్క పుల్లకూ రుద్దాల. రుద్దినవి మిద్దె మీద పరిచి ఆరబెట్టాల. మూర మల్లెపూలు అర్ధణాకు వచ్చే కాలం... లే లే, అర్ధణా మా అమ్మ కాలం. నా కాలంలో పది పైసలు. పూలు పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకున్నా ఒకటేలే. ఇంట్లో మనిషి మనిషీ గంధం వాసనే కదా. బస్సు ఎక్కితే పక్కన కూర్చున్నోళ్ళు తిరిగి చూస్తాండ్రి.

సరోజ పని చూడాల నువ్వు. నేను పది కడ్డీలు రుద్దేలోపల ముప్పై రుద్దేది. అప్పటికి ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో దానికి. పెండ్లి కాలా. ఎందుకంటే, ఎడమ చెయ్యి మోచేతి దాకా తెల్లమచ్చలు, పెదిమ పక్కన ఇంకొకటి, ఇంత. చూసేకి వచ్చినోళ్ళు కాఫీ తాగుతారు, చెయ్యి చూస్తారు, మళ్ళీ కబురే రాదు. ముగ్గురో నలుగురో అయినాక మీ తాతే వద్దన్నాడు, ఇంక ఎవర్నీ పిలవద్దని. ముద్ద రుద్దేటప్పుడు రెండు చేతులూ నల్లగా ఒకే రంగు కదా పాపా. అందుకే అది పని విడిచి లేచేది కాదేమో అని నాకు తర్వాత అనిపించింది. అప్పుడు అనిపించలా. అప్పుడు, మా ఆడబిడ్డ ఎంత పనిమంతురాలో అని సంబరపడేదాన్ని.

మీ తాత ఒక చిన్న రేడియో తెచ్చినాడు. దాన్ని మిద్దె మీద మేకుకు తగిలించి పెట్టేది సరోజ. వార్తలైనాక వాతావరణం చెప్తారు చూడు, ఆ రెండు నిమిషాలూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. వాన వస్తాదంటే కడ్డీలు పరచం, రాదంటే పరుస్తాము, అంతే కదా మాకు కావలసింది. కానీ సరోజ మొత్తం వినేది. కాశ్మీరంలో మంచు, అస్సాములో గాలివాన, రాజస్థానంలో ఇసుక గాలి. హిందూపురం దాటి పోని మనిషి అది. ఆ పేర్లు ఒక్కొక్కటీ నోట్లోనే మెల్లగా అనుకునేది. మిద్దె మీద నల్లగా వేల కడ్డీలు, మిట్టమధ్యాహ్నం, గాలి ఆడదు, గంధం వాసన పైకి లేస్తా ఉంటాది, దాని నడుమ ఇది చీర కొంగు తలమీద వేసుకొని దేశమంతా తిరిగొస్తా ఉన్నట్లు కూర్చునేది. నాకు ఇప్పటికీ కండ్లు మూస్తే ఆ కూర్చున్న తీరే కనపడతాది. "వదినా, డార్జిలింగులో ఈ పొద్దు కూడా వానేనంట" అని కిందికి అరిచేది. డార్జిలింగు యాడుండాదో దానికీ తెల్దు, నాకూ తెల్దు.

ఒక చైత్రమాసం ఏమైందంటే, పొద్దున రేడియోలో ఎండ అన్నారు. ఎండ అని, దాని వెనకాలనే, ఒకటి రెండు చోట్ల ఉరుములతో జల్లులు అన్నారు. ఆ వెనక మాట మేము పట్టించుకోలా. నాలుగు గంటలకు నల్లగా కమ్ముకొచ్చింది చూడు, పైకి ఎక్కేలోపలే కుమ్మరించి పోయింది. పది దినాల పని. మిద్దె గొట్టంలో నుంచి నల్లనీళ్ళు వీధిలోకి. ఆ సందంతా వారం దినాలు గంధం వాసన. వీధిలోవాళ్ళు సంబరపడినారు, మేము ఏడ్చినాము.

మరుసటి దినం సరోజ తడిసిన కడ్డీల కట్ట కాగితంలో చుట్టుకొని, చెప్పులేసుకొని, "నేను పోయి అడిగొస్తా" అనింది. ఎవర్ని అడుగుతావే? "చెప్పినోళ్ళని." మార్కెట్టు దాటి ఒంటిగా పోయిన మనిషి కాదు! అడ్రసు అడుక్కుంటా అడుక్కుంటా గుర్రాల పందేల మైదానం దాటి పోయి, ఆ ఆఫీసు కనుక్కొని, లోపల కనపడిన మొదటి మనిషి ముందర ఆ కట్ట పెట్టింది. ఆ మనిషే నరసింహులు. కదిరి పక్కాయన. వాతావరణం చూసేకి ఆకాశంలోకి గాలిబుడగలు వదిలే పని ఆయప్పది. ఒంటిమనిషి, ముప్పై దాటినాయి.

"ఒకటి రెండు చోట్ల అంటే యాడప్పా? మా మిద్దేనా?" అని అడిగిందంట ఇది.

ఆయప్ప ఆ కట్ట ఎత్తి వాసన చూసినాడంట. చూసి, "అమ్మా, ఆ చోటు ఏదో ముందుగా తెలిస్తే మేమే వచ్చి గొడుగు పట్టమా?" అన్నాడంట.

కొట్లాటకు పోయిన మనిషికి నవ్వొచ్చింది. ఇంకేం కొట్లాడతాది! ఆయప్ప ఎనకపక్క బయలుకు తీసుకపోయి బుడగ వదిలేది చూపించినాడంట. ఇంత పెద్ద తెల్లబుడగ, కింద చిన్న పెట్టె. పోయింది పోయింది పైకి, చుక్క అయ్యేదాకా మెడ ఎత్తి చూస్తానే ఉన్నిందంట ఇది. "అంత పైన ఏముంటాది?" అంటే, "చలి" అన్నాడంట. "ఇంత ఎండలోనా?" "ఎండ ఎక్కువైతేనే మబ్బు అంత పైకి లేస్తాది. ఆడ నీళ్ళు గడ్డ కడతాయి. అవే మనకు పడే ఆలికల్లు, అదే వడగండ్లు." ఇంటికి వచ్చి నాకు ఇదంతా చెప్తా ఉంటే దాని మొగం చూసినా పాపా. పదేండ్లు తగ్గినట్లు ఉన్నింది.

తర్వాత వచ్చే ఆదివారం ఆయప్ప మా ఇంటికి వచ్చినాడు. చేతిలో ఒక గాజు జాడీ, గీతలు గీసింది. ఆఫీసుది కాదు, సొంతంగా చేయించుకున్నదంట. "కాటన్‌పేటలో ఎంత వాన పడిందో తెలుసుకోవాలని ఉండాది నాకు. సరోజమ్మ రోజూ చూసి రాసి పెడితే, నేను ఆదివారం వచ్చి చూసుకొని పోతా" అన్నాడు మీ తాతతో. మీ తాత సరేనన్నాడు, జాడీనే కదా అని. మిద్దె నడుమ దాన్ని పెట్టినారు. ఇంక ఆదివారం ఆదివారం వచ్చేవాడు. వానాకాలం సరే. కార్తీకం పోయింది, పుష్యం వచ్చింది, చుక్క వాన లేదు, అయినా వస్తా ఉండాడు. మా అత్త తమలపాకు నములుకుంటా, "ఒట్టి జాడీలో ఏం చూస్తాడే వాడు?" అని అడిగింది నన్ను. వాళ్ళిద్దరూ పైన కూర్చొని ఏం మాట్లాడుతాండ్రంటే, మబ్బుల మాటే. ఒకదినం నేను కాఫీ ఇచ్చేకి పోయి విన్నా. విశాఖపట్నంలో సముద్రం గాలి ఎట్ల తిరుగుతాదో చెప్తా ఉండాడు. ఇది వింటా ఉండాది. ఎడమ చెయ్యి కొంగు కింద దాచలా. నేను చూసింది అది. బయటి మగమనిషి ముందర అది చెయ్యి దాచకుండా కూర్చునింది అదే మొదలు.

ఇంక నా సంగతి చెప్పాల. చెప్పేకి నోరు రావడం లేదు, అయినా చెప్తా. ఆ దీపావళికి ముందరే నాకు కాన్పు అయ్యింది. మీ నాయన పుట్టినాడు. వాడు మూడోవాడు. పుట్టినప్పటి నుంచీ పాలు కక్కేవాడు, ఒకటే ఏడుపు. నాకేమో జ్వరం విడవలా, రెండు నెలలు మంచం దిగితే కండ్లు తిరిగేవి. వానికి నీళ్ళు పోసింది సరోజే, భుజాన వేసుకొని తిప్పింది సరోజే. పెద్దపిల్లోళ్ళిద్దరికీ అన్నం, మా అత్తకు వేణ్ణీళ్ళు, మళ్ళీ ముప్పై కడ్డీలు రుద్దితే అందులో పది నా వంతువి. దాని చేతిలో పడితే చాలు వాడు నిద్రపోయేవాడు. ఇల్లంతా దాని మీదనే నిలబడి ఉన్నింది.

ఆ యేడు, చెప్పినా కదా, ఇట్లే, మాఘంలోనే ఎండ మొదలయ్యింది. చెరువుల ఊరు అని పేరు గానీ కొళాయిలో నీళ్ళు సన్నదారం. ఫ్యానులు లేవు మా వీధిలో. తడిగుడ్డ కప్పి పడుకోబెట్టేది బిడ్డను. అట్లాంటి ఎండలో ఒక బుధవారం, సరోజ కిరసనాయిలు క్యూలో నిలబడేకి పోయింది, మా అత్త నిద్రపోతా ఉండాది, నరసింహులు వచ్చినాడు. బుధవారం ఎప్పుడూ రాడు. కూర్చోమంటే కూర్చోలా.

"అక్కా, నన్ను విశాఖపట్నానికి మార్చినారు. శుక్రవారం సాయంకాలం మద్రాసు రైలుకు పోతాండా. ఆఫీసులో అన్నీ అప్పజెప్పి పోవాల, మళ్ళీ వచ్చేకి కాదు. సరోజమ్మకు చెప్పండి. ఆయమ్మ నాకేమన్నా చెప్పాలనుకుంటే, స్టేషన్లో ఉంటా" అన్నాడు.

"సరేప్పా, చెప్తా" అన్నా. మంచినీళ్ళు తాగి, నిలబడి, మిద్దె మెట్ల పక్క ఒకసారి చూసి పోయినాడు.

చెప్పలా పాపా. అది వచ్చింది, కిరసనాయిలు డబ్బా దించింది, బిడ్డను ఎత్తుకునింది. చెప్దామని నోరు తెరిచినా. వాడు దాని భుజాన తల పెట్టి అట్లే నిద్రపోయినాడు. నోరు మూసుకున్నా. మాపు చెప్తాంలే అనుకున్నా. మాపు చెప్పలా. గురువారం పొద్దున చెప్తా అనుకున్నా, పొద్దున పొయ్యి దగ్గర దాని మొగం చూసి, ఇంకోసారి చెప్తాంలే అనుకున్నా. నాకు ఏమైనా పగనా దాని మీద? లే తల్లీ. అది పోతే నేను బతకలేనని భయం. వాడు బతకడని భయం. శుక్రవారం దాటిపోతే ఇంక చెప్పే పని ఉండదు కదా అని... అట్లా కూడా అనుకున్నా. దేవుని ముందర దాచేది ఏముండాది.

శుక్రవారం పొద్దున రేడియో విని సరోజ కిందికి దిగింది. "వదినా, ఈ పొద్దు పరచొద్దు. దేశమంతా తిరుగుతాంది గాలి. ఉత్తరాన వడగండ్లంట, మన పక్క ఎండ ఎక్కువ, సాయంకాలం ఉరుములు" అనింది. రెండు గంటలకు గాలి నిలిచిపోయింది. ఆకు ఆడదు. వీధిలో కుక్క కూడా నీడలో లేచి నిలబడి ఉండాది, పడుకోలా. తూర్పు పక్క మబ్బు, రాగిబిందె అడుగు చూసినావా, అట్లా, నలుపూ కాదు ఎరుపూ కాదు. నాలుగు దాటినాక మొదలయ్యింది. రేకులు లేచిపోయినాయి యాడివో. మొదట చినుకులు, ఇంతింతవి. తర్వాత టపటపా, టపటపా, ఆలికల్లు! నిమ్మకాయంత. పావుగంటలో మిద్దె తెల్లగా అయిపోయింది పాపా. బెంగళూరులో కాశ్మీరం. అంత ఎండ కాసిన గచ్చు మీద అవి పడితే పొగ లేచింది, తెల్లపొగ, గంధం వాసనతో. నేను బిడ్డను పట్టుకొని మిద్దె వాకిలి దగ్గర నిలబడినా. సరోజ గోనెపట్ట తల మీద వేసుకొని మిద్దె నడుమ చిన్నపిల్ల మాదిరి గెంతుతా ఏరుతా ఉండాది. కొంగు నిండా ఏరుకొని వచ్చింది. ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎట్ల చల్లగా ఉన్నిందంటే, చెయ్యి కాలినట్లు.

"ఇవి ఆయప్పకు చూపియ్యాల వదినా. ఆదివారం దాకా నిలుస్తాయా ఇవి? ఊకలో పెడితే?" అనింది.

ఆదివారం దాకా. బిడ్డను ఇంకో భుజానికి మార్చుకున్నా.

"ఆదివారం రాడు సరోజా. ఈ పొద్దే పోతాడంట. విశాఖపట్నానికి మార్చినారంట. మద్రాసు రైలుకు. ఇప్పుడే కబురొచ్చింది" అన్నా. చూడు, అప్పుడు కూడా ఇప్పుడే అన్నా.

అది నా మొగం చూసింది. కొంగు పిడికిట పట్టుకొని అట్లే మెట్లు దిగింది. మా అత్తను లేపి బిడ్డను ఒళ్ళో పడేసి నేనూ ఎనకాల ఉరికినా. కాటన్‌పేట నుంచి స్టేషను ఎంత దూరం, నడిస్తే పావుగంట. ఆ పొద్దు వీధులు వీధుల మాదిరి లేవు. చెప్పులు యాడ పోయినాయో. మోకాలి లోతు నీళ్ళు, నీళ్ళ మీద తెల్లగా ఆలికల్లు తేలుతా, రాలిన పూలు తేలుతా. మనుషులందరూ అంగళ్ళ చూరు కింద నిలబడి చూస్తా ఉండారు. వాన తగ్గి సన్నగా పడతాంది. మబ్బు కింద నుంచి పసుపు వెలుగు వచ్చింది, అందరి మొగాలూ పసుపు పూసినట్లు. ఆ వెలుగులో నా ముందర సరోజ ఉరుకుతా ఉండాది. కలలో ఉరికితే ఎట్లుంటాది, అట్లా, ఎంత ఉరికినా స్టేషను రాదు.

రైలు టైము ఎప్పుడో దాటిపోయింది. నేను అనుకున్నా, పోయుంటాది, అయిపోయింది, ఈ పాపం నాదే అని. లోపలికి పోతే రైలు అట్లే నిలబడి ఉండాది. దండు స్టేషను దాటినాక చెట్టు పడిందంట పట్టాల మీద, నరికి తీసేదాకా కదలదంట. నరసింహులు ప్లాట్‌ఫారం మీద ఇనప్పెట్టె మీద కూర్చొని, రేకు సందులో నుంచి ఆకాశం చూస్తా ఉండాడు.

"ఏమప్పా, చెప్పకుండా పోతా ఉండావే?" అనింది సరోజ. ఆయాసం, మాట సగం సగం వస్తాంది.

ఆయప్ప లేచినాడు. దాన్ని చూసినాడు. దాని భుజం మీదుగా నన్ను చూసినాడు. నేను ఇంక భూమిలోకి పోవాల అనుకుంటా ఉండా.

"వచ్చినానమ్మా, బుధవారం. ఇల్లు తాళం వేసి ఉన్నింది" అన్నాడు.

తాళం! కన్ను కూడా ఆర్పలా ఆ మాట చెప్పేటప్పుడు.

సరోజ కొంగు విప్పింది. ఏముంటాది, తడిగుడ్డ. "ఆలికల్లు తెచ్చినా. కరిగిపోయినాయి" అనింది. ఏడుస్తాందో, వాన నీళ్ళో. ఆయప్ప ఆ తడికొంగు అంచు పట్టుకొని, "ఎంత పడింది? కొలిచినావా?" అన్నాడు.

"కొలవలా. ఉరికి వచ్చినా."

"ఇన్నాళ్ళకు ఒక్కదినం తప్పించినావు."

"నీ కోసమే తప్పించినా" అనింది. అందరి ముందర! కూలీలు, టిక్కెట్లు చూసే ఆయప్ప, అందరూ ఉండారు. నేను తల తిప్పుకున్నా.

ఆయప్ప ఆ పొద్దు రైలెక్కి పోయినాడులే, ఉద్యోగం కదా. కానీ నెల తిరిగేలోపల వాళ్ళ అన్నను తోడు తీసుకొని వచ్చి మీ తాతను అడిగినాడు. మీ తాత నాలుగు దినాలకు ఒప్పుకున్నాడు. కదిరిలో పెండ్లి. పెండ్లిలో సరోజ చేతికి గోరింటాకు పెట్టింది నేనే. తెల్లచేతి మీద ఎంత ఎర్రగా పండిందో! అది పోయినాక ఇంట్లో ఆర్నెల్లు నాకు నరకమే, అబద్ధం చెప్పను. మీ నాయన దాని పాత చీర కప్పితేగానీ నిద్రపోయేవాడు కాదు. అయినా బతికినాము. బతుకుతారు, మనుషులు.

పదేండ్లకో పన్నెండేండ్లకో వైజాగు పోయినా నేను. ఇద్దరు ఆడపిల్లలు దానికి. సాయంకాలం సముద్రం ఒడ్డున కూర్చున్నాము. మీ నరసింహులు తాత, అప్పుడు మీ నాయన మామ అంటా ఉన్నిన్నాడు, పిల్లోళ్ళతో నీళ్ళలో ఉండాడు. నాకు అప్పుడు నిలవలా. చెప్పేసినా. బుధవారం వచ్చింది నిజం, నాతో చెప్పింది నిజం, రెండు దినాలు నేను దాచినా సరోజా, తాళం లేదు ఏమీ లేదు అని.

అది నవ్వింది. "మన ఇంటికి తాళమే లేదు కదా వదినా, నాకు తెల్దా? ఆ మాట అన్నప్పుడే తెలిసిపోయింది నాకు. నన్ను చేసుకుంటావా అని ఆయన అడిగింది దీపావళికి. నీకు కాన్పు అయిన వారానికి. నేనే జవాబు చెప్పలా. ఐదునెలలు. నీకు జ్వరం, బిడ్డకు కక్కులు, ఎట్ల చెప్పేది? నువ్వు రెండు దినాలు పట్టుకున్నావు నన్ను. నేను ఐదునెలలు పట్టుకున్నా నన్ను" అనింది.

నేను దాని చెయ్యి తీసుకొని నా మొగానికి ఆనించుకున్నా. ఆ తెల్ల చెయ్యే. ఉప్పు వాసన. గంధం పోయింది ఎప్పుడో. సముద్రం మీద... ఏమనిందప్పా అప్పుడు... పిల్లోళ్ళు పిలిచినారో ఏమో, లేచిపోయింది. అంతే. మళ్ళీ ఆ మాట మేము ఎత్తలా. ఇప్పుడు ఫోన్ చేస్తే దానికి సగం వినపడదు. నేనొకటి అంటే అదొకటి చెప్తాది. అయినా గంట మాట్లాడుకుంటాము.

మీ నాయనకు చెప్పొద్దు పాపా. వాడేం చేసినాడు పాపం, చంటిబిడ్డ. ఇట్ల రా, తల మీద చెయ్యి పెట్టనీ. నీకు కష్టం వచ్చిన దినం గట్టిగా పట్టుకునే వాళ్ళు దొరకాల. నువ్వు పోవాల్సిన దినం నిన్ను విడిచిపెట్టే వాళ్ళు కూడా వాళ్ళే కావాల. సల్లగుండు తల్లీ... సల్లగుండు...